బరువు బేలు

నేను చెప్పింది మా బాపు వినలేదని కాదు నా కోపం. విన్నాడు. కుర్చీ ముందుకు జరుపుకొని, ఫోను పక్కన పెట్టి, నా క్లాసులో ముందు బెంచీ పిల్లలు కూడా చూపించని శ్రద్ధతో విన్నాడు. విని, తనకు అక్కరకొచ్చే సగాన్ని పనికి పెట్టాడు. అసలు విననివాళ్లతో ఎట్లాగో వేగవచ్చు. ఇట్లా వినేవాళ్లతోనే నాకు చావొచ్చిపడింది.

ఆదిలాబాద్ ఊరి బయట, మహారాష్ట్రకు పోయే రోడ్డు మీద మాకొక పత్తి జిన్నింగు మిల్లు ఉంది. తాత పెట్టింది. భూములున్న ఊళ్లో మా బాపు కరుణాకర్‌రావును దొర అంటారు, మిల్లులో సేటు అంటారు. ఆయన రెంటికీ పలుకుతాడు. నేను, దీక్షితను, కరీంనగర్‌లో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో లోహాల పాఠం చెప్తాను. ఉక్కు ఎట్లా సాగుతుంది, ఎట్లా అలిసిపోతుంది, ఎట్లా పగులుతుంది, ఇదే నా చదువు. మా ఇంట్లో ఎవరికీ నేనేం చదివానో సరిగ్గా తెలియదు. ఎవరైనా వస్తే బాపు "మా బిడ్డ ఇనుము డాక్టరు" అని పరిచయం చేసి నవ్వుతాడు, వచ్చినవాళ్లూ నవ్వుతారు, నేను టీ తేవడానికి లోపలికి పోతాను.

మిల్లులో అన్నిటికన్నా పెద్ద యంత్రం బేళ్ల ప్రెస్. గింజ తీసిన దూదిని లోతైన ఇనుప పెట్టెలో నింపితే, కింది నుంచి పిస్టన్ లేచి దాన్ని పై దిమ్మెకేసి నొక్కుతుంది. గది నిండా ఉండే దూది మంచం కింద పట్టేంత బేలు అవుతుంది. ఆ నొక్కుడు భారమంతా మోసేవి నాలుగు మూలల్లోని నాలుగు ఉక్కు రాడ్లు. ఒక్కొక్కటి మనిషి తొడంత లావు. నొక్కినప్పుడల్లా అవి వెంట్రుకంత సాగుతాయి, వదిలినప్పుడల్లా మళ్లీ మొదటికి వస్తాయి. సీజన్‌లో పొద్దంతా ఇదే పని.

ప్రెస్ పూర్తిగా నొక్కి పట్టుకుని ఉన్నప్పుడే ఇద్దరు మనుషులు చెరోపక్క రాడ్ల నడుమకు వంగి బేలు చుట్టూ తీగ కట్టాలి. వదిలాక కడదామంటే దూది ఉబ్బి తీగకు లొంగదు. అవతలి పక్క మనుషులు మారుతుంటారు. ఇవతలి పక్క మాత్రం ఎప్పుడూ కిష్టవ్వే. యాభై దాటిన మనిషి. కొడుకు మస్కట్‌లో ఉన్నాడు. ఇంక పనికి పోవద్దని ఫోన్‌లో రోజూ పోట్లాడతాడు, ఆమె రోజూ సరే అంటుంది, రోజూ వస్తుంది. ఆమె తీగ ముడి వేసి చేయి ఊపితే తప్ప ఆపరేటర్ మొండయ్య ప్రెస్ వదలడు.

దసరా సెలవులకు వెళ్లాను. ఆయుధపూజకని ప్రెస్‌ను కిరోసిన్‌తో కడిగి తుడుస్తున్నారు. కిష్టవ్వ నిలబడే పక్క రాడ్డుకు అడుగున, నట్టు మీద సన్నబడే చోట, తుడిచిన దగ్గరే మళ్లీ సన్నని నూనె గీత తేలింది. గుడ్డ తీసుకుని నేనే తుడిచాను. మళ్లీ తేలింది. లోపలి నుంచి నూనె ఊరుతోందంటే లోపలికి దారి పడ్డట్టే. మర్నాడు ఎర్ర రంగు మందు తెప్పించి పూసి, తుడిచి, మీద తెల్ల పొడి చల్లాను. మూడు వేళ్ల పొడవున సన్నని పగులు ఎర్రగా బయటపడింది.

బాపును పిలిచి చూపించాను. "సీజన్ ముంగట గీ ముచ్చట చెప్తున్నవా?" అన్నాడు, పగులు నేనే పెట్టినట్టు.

"ముచ్చట కాదు బాపు. రాడ్డు మార్చాలె. మార్చేదాక ప్రెస్ నడుపొద్దు."

"ఇన్నేండ్ల సంది ఉన్న రాడ్డు. గీతంత పగులుకు పరేషాన్ అయితరా?"

పరేషాన్ కాకుండా ఏం కావాలో నాకు తెలియదు. నిండా సాగి ఉన్న రాడ్డు తెగితే చెట్టు కొమ్మలా కింద పడదు. సాగదీసిన భారమంతా ఒక్కసారి వదులుతుంది. నట్టు ఎగురుతుంది, పై దిమ్మె ఒరుగుతుంది, ఆ క్షణాన పక్కనే వంగి ఉన్న మనిషికి తల ఎత్తే వ్యవధి కూడా ఉండదు. ఇదంతా చెప్పాను. నాగపూర్‌లో కొత్త రాడ్డుకు ఆర్డరిస్తానన్నాడు. ఇచ్చాడు కూడా. కానీ అది తయారై వచ్చేదాకా మిల్లు ఆపనన్నాడు.

పాత దూదితో నాలుగు రోజులు ట్రయల్ నడిపారు. నేను పగులు రెండు మొనల దగ్గరా సూదితో ఉక్కు మీద గీతలు గీసి పెట్టాను. ట్రయల్ అయ్యేసరికి పగులు ఆ గీతలు దాటి బియ్యపు గింజంత ముందుకు పోయింది. అది చూసి బాపు కొంచెం మెత్తబడ్డాడు. కొత్త గీతలు గీయించాడు. "గీసారి గీత దాటితె ప్రెస్ బంద్ చేస్త. మా నాయన మీద ఒట్టు" అన్నాడు. తాత మీద ఒట్టు పెట్టి బాపు ఎన్నడూ మాట తప్పలేదు. నేను నమ్మి కరీంనగర్ వచ్చేశాను.

దీపావళి తర్వాత ముహూర్తం బేలు నొక్కారు. మా మిల్లులో దానికొక ఆచారం ఉంది. సీజన్ మొదటి బేలులో ప్రతి మనిషీ తన ఇంటి పేరున ఒక ఒడి దూది వేయాలి. హమాలీలు, డ్రైవర్లు, గేటు దగ్గర టీ అమ్మే ఆమె, మా ఇంటివాళ్లు, తనిఖీకి వచ్చే సారు, ఎవరినీ కాదనకూడదు. వేసిన దూది వెనక్కి తీయకూడదు. తీస్తే ఆ ఇంటికి ఆ ఏడు కలిసిరాదంటారు. పెట్టె నిండి, తొక్కించి, మళ్లీ నిండుతుంది. మామూలు నొక్కుడుకు అది లొంగదు. అందుకని ఆ ఒక్క బేలుకు పనివాళ్ల మేస్త్రీ, ముకద్దం అంబదాస్ పంపు వాల్వు బిగించి, గేజి ముల్లును ఎర్ర గీత దాటిస్తాడు. దూది అంతా లోపలికి పోయేదాకా అందరూ చప్పట్లు కొడుతుంటారు. ఆ ఒక్క బేలు మిగతా బేళ్లకు ఒకటిన్నర బరువుంటుంది. ఈ ఏడూ నొక్కారు. పగిలిన రాడ్డుతోనే నొక్కారు. నాకు ఆ పూట పరీక్షల డ్యూటీ ఉండి పోలేదు. అక్కడ ఉండి ఉంటే ఆ పెట్టెలోకి నేనే దిగి కూర్చునేదాన్ని.

రెండు వారాల తర్వాత వెళ్లి చూస్తే పగులు గీత దగ్గరే ఉంది. ఇసుమంత కదల్లేదు. మిల్లు మాత్రం ఆగకుండా నడుస్తోంది.

అంబదాస్ ముఖం వెలిగిపోతోంది. అతనిది సరిహద్దు అవతలి ఊరు. సగం మరాఠీ, సగం తెలుగు. అక్కా అనడానికి తాయీ అంటాడు. "చూసిన్రా తాయీ? దేవి పట్టుకున్నది. ముహూర్తం బేలు కొట్టినంక ఒక్క నూలుపోగంత గూడ జరగలే" అన్నాడు. పగులు పక్కన కుంకుమ బొట్టు కూడా పెట్టాడు మహానుభావుడు.

బాపు ఆఫీసులో కూర్చుని నవ్వుతున్నాడు. "నీ చదువు ఓడిపోయింది గదనే. ఆగింది గద, ఇగ ఫికర్ ఏంది?"

నాకు ఉక్రోషం వచ్చింది. దేవి పట్టుకుందనడం ఒక ఎత్తు, నా చదువు ఓడిందనడం ఇంకో ఎత్తు. "ఆగలే బాపు. పండుకున్నది" అన్నాను. ఎందుకు పండుకుందో చెప్పడానికి కూర్చున్నాను.

నా జడపిన్ను తీసి కొంచెం వంచి వదిలాను, తిన్నగా అయింది. గట్టిగా వంచి వదిలాను, వంకరగానే ఉండిపోయింది. ఉక్కూ అంతే. కొంచెం సాగితే వెనక్కి వస్తుంది, మరీ సాగితే రాదు. ముహూర్తం బేలు నొక్కిన రోజు రాడ్డంతా సాగి వెనక్కి వచ్చింది. కానీ పగులు మొన దగ్గర లాగుడు మిగతా చోట్ల కన్నా ఎన్నో రెట్లు ఉంటుంది. అక్కడ మెతుకంత మేర ఉక్కు వెనక్కి రాలేనంత సాగిపోయింది. చుట్టూ ఉన్న ఉక్కు తన పాత కొలతకు వచ్చేసింది, ఈ మెతుకంత ముక్క మాత్రం పెద్దదైపోయి అదే జాగాలో ఇరుక్కుంది.

"నిర్మల్ బస్సుల ముగ్గురి సీట్ల నడుమ కూసున్నోడు ఉన్నట్టుండి లావయితె ఏమైతది? అటోడు ఇటోడు వాన్ని ఒత్తుతరు గదా. గట్లనే చుట్టూ ఉన్న ఉక్కు గా సాగిన ముక్కను ఒత్తుతున్నది. గా ఒత్తుడుకు పగులు పెదవులు మూసుకపోయినయ్. మామూలు బేలు గుంజితె ముందు గా పెదవులు తెరవాలె, గప్పుడు గని మొన దాక గుంజుడు పోదు. అందుకే కదుల్తలేదు. దేవి కాదు, ఏం కాదు."

బాపు నవ్వు ఆపాడు. కుర్చీ ముందుకు జరిపాడు. ఫోను బోర్లించాడు. "ఎన్ని దినాలు ఉంటది గట్ల?"

"గా సాగిన జాగ దాటేదాక. మెల్లెగనన్న దాటుతది. దాటినంక మళ్ల ఎప్పటిలెక్కనే ఉరుకుతది."

"మళ్ల ఒక్క బేలు గట్టిగ కొడితె?"

మంచి ప్రశ్న అడిగితే సంతోషపడే దురలవాటు నాకుంది. టీచర్ల రోగం. "మళ్ల ఆగుతది కొన్ని దినాలు" అన్నాను. "గని బాపు, గా బరువు బేలు కొట్టిన్నాడే పగులు పైకి కానరాకుంట లోపట ఒక అడుగేస్తది. మిగిలిన ఉక్కు తక్కువైతనే ఉంటది. ఆగింది ఆగింది అనుకుంట ఉండంగనే, ఒకనాడు గా బరువు బేలే రాడ్డును తెంపుతది. ఏ బేలుకు తెగుతదో నేను చెప్పలేను. ఎవ్వలు చెప్పలేరు."

"సమజైంది" అన్నాడు. చాలా బాగా సమజైనట్టు తల ఊపాడు కూడా.

నేను నిజం చెప్పాను. అందులో నా తప్పేమీ లేదని ఇప్పటికీ అంటాను. కత్తి ఎట్లా కోస్తుందో చెప్పినవాళ్లది కాదు తప్పు.

కరీంనగర్ నుంచి రోజూ సాయంత్రం మొండయ్యను ఫోటో పంపమనేదాన్ని. పాపం పంపేవాడు. కొన్నాళ్లకు ఒక సాయంత్రం ఫోటోలో పగులు గీత దాటి కనిపించింది. వెంటనే బాపుకు ఫోన్ చేశాను. "చూసిన బిడ్డా. బంద్ చేసిన" అన్నాడు. ఆ పూట నేను నిమ్మళంగా అన్నం తిన్నాను. తర్వాత ఫోటోలు ఆగాయి. ప్రెస్ ఆగింది, ఫోటో ఎందుకులే అనుకున్నాను. వారం గడిచాక ఎందుకో అనుమానం వచ్చి మొండయ్యకు ఫోన్ చేశాను. మాట సరిగ్గా వినబడలేదు. వెనక ప్రెస్ పంపు మోగుతోంది.

"మొండయ్యా, ప్రెస్ నడుస్తుందా?"

"నడుస్తున్నదమ్మా. ఫికర్ చేయకున్రి, పగులు ఆగింది. మీరు చెప్పినట్టే చేస్తున్నం."

"నేనేం చెప్పిన?"

"అదే అమ్మా, పగులు కదిలినప్పుడల్లా ఒక బరువు బేలు కొడితె పండుకుంటదని చెప్పిన్రట గద. సేటు అందరిని నిలవెట్టి చెప్పిండు. మా బిడ్డ ఇనుము డాక్టరు, ఆమె చెప్పిన మందు ఇది అన్నడు. కిష్టవ్వ మొదాల జర భయపడ్డది. మీ పేరు చెప్పినంక నిమ్మలమైంది. ఇప్పటికి రెండు మాట్ల కొట్టినం. రేపు మళ్ల కొట్టుమన్నడు."

నేను ఫోన్ పెట్టేశాను. తాత మీద పెట్టిన ఒట్టును బాపు తప్పలేదు చూడండి. ప్రెస్ బంద్ చేశాడు. ఒక్క పూట. ఆ పూటే బరువు బేలు కొట్టి, మళ్లీ నడిపించాడు. ఒట్టూ నిలిచింది, మిల్లూ నిలిచింది. నా బతుకంతా చదివిన చదువును అడుగున పెట్టి, దాని మీద కిష్టవ్వను నిలబెట్టాడు. ఆమెకు వచ్చిన భయం సరైన భయం. నా పేరు చెప్పి దాన్ని పోగొట్టాడు. దొంగతనం చేసినా నేనింత మండిపడేదాన్ని కాదు.

పొద్దున్నే బస్సెక్కాను. జగిత్యాల, నిర్మల్, ఘాటు రోడ్డు దాటుతున్నంతసేపూ పళ్లు కొరుకుతూనే ఉన్నాను. పక్కసీటు ఆమె ఏమైందమ్మా అని అడిగితే పన్ను నొప్పి అన్నాను. మిల్లు గేటు ముందు పత్తి బండ్లు, ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలబడి ఉన్నాయి. మధ్యలో సందు చేసుకుని నేరుగా ఆఫీసులోకి పోయాను.

బాపు అన్నం తింటున్నాడు. "చెప్పకుంట అచ్చినవేందే? కూసో, తిను" అన్నాడు.

"నేను చెప్పిన మందా బాపు అది?"

తడబడలేదు. చేయి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, తీరిగ్గా చెప్పాడు. "మరి ఎవ్వల మాట? నువ్వే గద చెప్పింది. నీ పుస్తకంల ఉన్నదే చేస్తున్న. ఆగుతుంది గద!"

"తెగుతది అని గూడ చెప్పిన."

"ఒకనాడు అన్నవ్. పది పదిహేను దినాలల్ల నాగపూర్ నుంచి రాడ్డు అస్తది. గా ఒకనాడు గీ పదిహేను దినాలల్లనే అస్తదా? గేటు కాడ బండ్లు చూసినవా? రైతులు ఆడ్నే పండుకుంటున్నరు. గిప్పుడు బంద్ అంటే వాళ్లు నన్ను బతకనిస్తరా? నువ్వు క్లాసుల చాక్‌పీసు పట్టుకుని చెప్పుడు వేరు, మిల్లు నడుపుడు వేరు."

"తనిఖీ సారుకు ఫోన్ చేస్త."

"చెయ్. ముహూర్తం బేలుల ఆయన గూడ ఒక ఒడి దూది ఏసి పోయిండు."

ఇదీ మా బాపు. అరవడు, తిట్టడు. ప్రతి మాటకూ ఒక న్యాయమైన జవాబుంటుంది. రైతులు నిలబడ్డ మాట నిజం, రాడ్డు వస్తున్న మాట నిజం, బరువు బేలుకు పగులు ఆగిన మాటా నిజమే. ఇన్ని నిజాలు చేర్చి ఒక మనిషిని చావు పక్కన నిలబెట్టవచ్చని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. చివరికి ఇంకో మాట అన్నాడు. "నీ చదువును ఇంట్ల ఎవ్వలు నమ్మరని ఏడుస్తవు గద ఎప్పుడు. నేను నమ్మిన. గది గూడ తప్పేనా?"

ఆ మాటకు నా కళ్లల్లో నీళ్లొచ్చాయి. ఏడుపు కాదు. కోపం.

అప్పుడే పంపు మోత మారింది. అంబదాస్ వాల్వు బిగిస్తున్నాడని ఆ మోతతోనే తెలిసింది. నేను లేచి ప్రెస్ దగ్గరికి ఉరికాను.

పెట్టె పొంగేంత నింపి తొక్కారు. మొండయ్య లివరు దగ్గర ఉన్నాడు. కిష్టవ్వ చీర కొంగు నడుముకు చెక్కి, తలకు రుమాలు కట్టుకుని, తీగ చుట్ట చేతబట్టి తన జాగాలో నిలబడి ఉంది. ఆమె మోకాలికీ ఆ పగులుకూ నడుమ జానెడు లేదు. నన్ను చూసి నవ్వింది.

"అచ్చినవా అమ్మా? మంచిగైంది. నీ మందు నీ కండ్ల ముంగటనే ఏస్తున్నం."

"కిష్టవ్వా, నువ్వు ఇటు రా. నేను గట్ల చెప్పలే. తెగుతది అది."

ఆమె ముఖంలో నవ్వు చెదిరింది. నన్ను చూసింది, అంబదాస్‌ను చూసింది. "సేటు ఒక్కతీరు చెప్తడు, నువ్వు ఒక్కతీరు చెప్పవడ్తివి. నేనెవ్వల మాట ఇనాలె?" అంది. కదల్లేదు. పని మధ్యలో వదిలి పోయిన మనిషిని మర్నాడు గేటులోపలికి రానియ్యరని ఆమెకు తెలుసు. ఆ భయం ముందు రాడ్డు భయం చిన్నదే.

ఇంక చెప్పడం అనవసరం అనిపించింది. నేను చెప్పిన ప్రతి మాటనూ వీళ్లు ఏదో ఒకదానికి వాడుకుంటారు. ఆమె చేతిలోంచి తీగ చుట్ట లాక్కున్నాను. భుజం పట్టి అవతలికి నెట్టాను. గట్టిగానే నెట్టాను, పాపం దూది కుప్ప మీద పడినంత పని అయింది. ఆమె జాగాలో నేను నిలబడి, ఆమె వంగినట్టే రాడ్ల నడుమకు వంగాను. పగులు నా మోకాలి దగ్గర ఉంది. దాని పక్కన కుంకుమ బొట్టు ఉంది.

"నొక్కు మొండయ్యా" అన్నాను.

మొండయ్య లివరు మీద చేయి వేశాడు గానీ లాగలేదు. "అమ్మా, జర పక్కకు జరుగున్రి" అన్నాడు. అంబదాస్ "తాయీ, తాయీ" అంటూ చేతులు ఊపుతున్నాడు. అవతలి పక్క తీగ పట్టుకున్న మనిషి మెల్లగా వెనక్కి జరిగాడు.

"ఎందుకు జరగాలె? మందే గదా? ఇంతకుముందు రెండు మాట్ల వేసిండ్రు గదా? నొక్కు!"

బాపు వచ్చాడు. నా వెనకే నడిచి వచ్చినట్టున్నాడు, ద్వారంలో నిలబడిపోయాడు. "దీక్షితా, ఇటు రా" అన్నాడు మామూలుగా.

"నా మాటను నమ్మినవ్ గద బాపు. నేను గూడ నమ్ముతున్న. కొట్టుమను."

"ఇటు రమ్మంటున్న."

"పదిహేను దినాలల్ల గా ఒకనాడు రాదంటివి గద. ఇయ్యాల ఎందుకస్తది? నొక్కు మొండయ్యా, సేటు చెప్పిండు గద నొక్కుమని!"

మొండయ్య బాపు ముఖం చూశాడు. నొక్కమంటారా అన్నట్టు చూశాడు. పంపు మోగుతోంది, గేజి ముల్లు అదురుతోంది, లివరు మీద అతని చేయి అట్లాగే ఉంది.

"నొక్కకు!" అని అరిచాడు బాపు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ ఆయన అరవడం నేను వినలేదు. గొంతు చీలిపోయింది. "నొక్కకురా! చెయ్ తియ్! మెయిన్ బంద్ చెయ్! బంద్ చెయ్యున్రి అంత!" అంటూ తానే ఉరికి, మనుషుల్ని తోసుకుని, గోడకున్న మెయిన్ కిందికి గుంజాడు. పంపు ఆగింది. జిన్నింగు యంత్రాలు ఒకటొకటే ఆగాయి. బెల్టులు ఆగాయి. మిల్లులో సీజన్ నడుమ పగటిపూట ఎన్నడూ లేనంత నిశ్శబ్దం వచ్చింది. ఆయన నా రెక్క పట్టుకుని బయటికి లాగాడు. ఆయన చేయి తడిగా ఉంది.

అంటే మొత్తం విన్నాడు. సగం కాదు. నేను చెప్పిన ప్రతి మాటా ఆయనకు గుర్తుంది. ఏ బేలుకైనా తెగవచ్చు అన్నది గుర్తుంది. తెగితే పక్కన ఉన్న మనిషి ఏమవుతుందో గుర్తుంది. అంతా తెలిసే రెండు మాట్ల కొట్టించి, మూడోది కొట్టమని చెప్పి, తాను అన్నం తినడానికి కూర్చున్నాడు. అమాయకుడని, వ్యాపారం యావలో మరిచాడని ఇంతసేపూ నేను మనసులో ఎక్కడో ఒక మూల ఆయన్ను కాచుకుంటూ వచ్చాను. ఆ మూల కూడా కాలిపోయింది.

"ఎందుకు ఆపినవ్?" అన్నాను. "చెప్పు. అందరు ఇంటున్నరు, చెప్పు."

ఆయన వగరుస్తున్నాడు. తెల్ల చొక్కా నిండా దూది. "పిచ్చిదానా, నువ్వు నా బిడ్డవు గదనే" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. చుట్టూ పనివాళ్లంతా నిలబడి ఉన్నారన్న ధ్యాస కూడా లేకుండా అన్నాడు.

కిష్టవ్వ దూది కుప్ప దగ్గర నుంచి లేచింది. తలకు కట్టుకున్న రుమాలు విప్పి, రెండుసార్లు దులిపి, భుజాన వేసుకుంది. మా బాపు ఎదురుగా వచ్చి నిలబడింది. ఇన్నేళ్లలో ఆమె ఆయన ఎదుట అంత దగ్గరగా నిలబడటం నేను చూడలేదు.

"నేను సుత మా అవ్వకు బిడ్డనే సేటు" అంది.

గొంతు పెంచలేదు. ఏ మాటకైనా జవాబుండే మా బాపు ఆమె ముఖం చూడలేక రాడ్డు వైపు చూశాడు. ఆమె నా దిక్కు కూడా చూడలేదు. టిఫిను డబ్బా తీసుకుని గేటు వైపు నడిచింది. ఆమె వెనక అవతలి పక్క తీగ కట్టే మనిషి నడిచాడు, దూది తొక్కే ఆడవాళ్లు నడిచారు, లివరు వదిలి మొండయ్య నడిచాడు. అంబదాస్ "ఆగున్రి, ఆగున్రి" అంటుంటే ఎవ్వరూ వెనక్కి తిరగలేదు.